ఆగో 08

డాక్టరు గారి సిగార్ల పెట్టె మూత లోపలివైపు పెన్సిలుతో రాసిన మొదటి మాట "మిరియం". పక్కన తేదీ, 2009 మే. దాని కింద మళ్ళీ "మిరియం". మూడోది "మిరియం, అమ్మోనియా, తలనొప్పి". పెట్టె కొన్న ఏడాది ఆయన నాలుగు కాల్చారు. నాలుగింటికీ దాదాపు ఇవే మాటలు. తరువాత తేదీల మధ్య ఎడం పెరిగింది. 2012లో ఒకటి: "ఏమీ లేదు". 2013లో ఇంకొకటి: "ఇప్పటికీ ఏమీ లేదు. మోసపోయానా?" 2016 దగ్గరికి వచ్చేసరికి "కాఫీ". 2019లో "తోలు, కోకో, ఇంకేదో". ఆ "ఇంకేదో" కింద రెండు గీతలు.

నేను ఈ జాబితా చదివింది 2024 సెప్టెంబరులో, ఒక ఆదివారం మధ్యాహ్నం, లండన్ శివారు హారోలో ఆయన ఇంటి పెరట్లో కూర్చుని. డాక్టరు గారిది రాజమండ్రి పక్క పల్లెటూరు. 1970లలో ఇక్కడికి వచ్చి, ముప్పై ఏళ్ళకు పైగా ఆపరేషన్ బల్లల దగ్గర మత్తు ఇచ్చి, ఇప్పుడు పెరట్లో బీర పాదులు పెంచుకుంటున్నారు. ఇంగ్లండులో మూసిన బహిరంగ ప్రదేశాల్లో పొగ తాగకూడదనే చట్టం 2007 జులైలో వచ్చింది. డాక్టరు గారి ఇంట్లో అంతకు ఇరవై ఏళ్ళ ముందే వచ్చిందని ఆంటీ గర్వంగా చెబుతారు. అందుకే పెరడు.

నేను సిగరెట్లు కాల్చను. అంతకు ముందు జీవితంలో కాల్చిన సిగారు ఒక్కటే. నాలుగేళ్ళ క్రితం ఒక పెళ్ళిలో విందుకు ముందు ఎవరో చేతిలో పెడితే, సరదాకి, పరగడుపున కాల్చాను. చిత్రం ఏమిటంటే అది కూడా ఇదే రకం, పార్తగాస్ సీరీ డి నంబర్ 4 అనే క్యూబా సిగారు. కాకపోతే అప్పుడే దుకాణం నుంచి వచ్చింది. నాలుక మీద ఎవరో మిరియాల పొడి చల్లినట్టు మండింది. ముక్కులోకి పశువుల కొట్టం వాసన ఎక్కింది. సగం కాకముందే చెమటలు పట్టి, నేల కదులుతున్నట్టు అనిపించి, తోటలో ఒక బెంచీ మీద అరగంట పడుకున్నాను. ఆ సంగతి చెబితే డాక్టరు గారు నవ్వి, "నువ్వు కాల్చింది సిగారు కాదోయ్, పచ్చికాయ. ఒకరోజు మాగిన పండు పెడతాను రా" అన్నారు. ఆ ఒకరోజు రావడానికి ఇంతకాలం పట్టింది.

పెట్టె తిరగేసి అడుగు చూపించారు. చెక్క మీద కాల్చి వేసిన ముద్రలు ఉన్నాయి. క్యూబాలో తయారైందని ఒకటి, పూర్తిగా చేతితో చేసిందని ఒకటి. ఈ రెండోది 1989 నుంచి వేస్తున్నారట. దాని పక్కన సిరాతో రెండు చిన్న ముద్రలు. ఒకటి ఏ ఫ్యాక్టరీలో చుట్టారో తెలిపే రహస్య అక్షరాలు. రెండోది నెల, సంవత్సరం: ఆగో 08.

"ఆగో అంటే ఆగోస్తో, ఆగస్టు. నాకు మాత్రం మొదటి రోజు నుంచీ తెలుగులోనే వినిపించింది," అన్నారు. "ఆగవోయ్ అని పెట్టె మీదే రాసి పంపించారు. నేను వినకుండా నాలుగు తగలేశాను."

పెట్టెలో వచ్చినవి ఇరవై ఐదు. 2009లో సెయింట్ జేమ్స్ వీధిలో కొన్నారు. అప్పటి ధర ఆంటీకి ఇప్పటికీ తెలియదు, నేనూ ఇక్కడ రాయను. నేను వెళ్ళేనాటికి మిగిలినవి ఐదు. దొడ్లో సామాన్ల గదిలో ఒక చిన్న పాత ఫ్రిజ్ లాంటి అలమార ఉంది. దాన్ని పదహారు, పద్దెనిమిది డిగ్రీల మధ్య ఉంచుతారు. లోపల తేమ నూటికి అరవై ఐదు దాటకుండా చూసే పొట్లాలు పెట్టారు. తేమ తగ్గితే ఆకులోని నూనెలు ఎండిపోయి గడ్డి మిగులుతుంది. పెరిగితే బూజు పడుతుంది. వేడి పెరిగితే ఇంకో శత్రువు లేస్తుంది, పొగాకు పురుగు. ఆకులో గుడ్డుగా పడుకుని ఉండి, వెచ్చబడగానే బయటికి వచ్చి సూది మొన అంత రంధ్రాలు చేస్తుంది. మన ఇళ్ళలో పసుపు కొమ్ములకూ ఎండుమిరపకాయలకూ పట్టేది ఇదే పురుగు. ఆ మాట వినగానే మా అమ్మ ఎండలో పసుపు కొమ్ములు ఆరబోస్తూ పెట్టే శాపనార్థాలు గుర్తొచ్చాయి.

రెండు తీశారు. జానెడు కూడా లేదు, నూట ఇరవై నాలుగు మిల్లీమీటర్లు. లావు యాభై. అంటే అంగుళంలో అరవై నాలుగో వంతును ఒకటిగా లెక్కపెడితే యాభై, మన లెక్కలో దాదాపు రెండు సెంటీమీటర్లు. ఎర్రటి కాగితపు పట్టీ. రంగు నేను పెళ్ళిలో చూసిన దానికన్నా ముదురు, అక్కడక్కడా నూనె మెరుపు. వేళ్ళ మధ్య మెల్లగా నొక్కి చూడమన్నారు. ఎండు ఆకులా కరకరలాడలేదు, కొత్తదానిలా బిర్రుగానూ లేదు. కొద్దిగా లొంగి మళ్ళీ లేచింది.

"వాసన చూడు. వెలిగించక ముందే సగం కథ తెలుస్తుంది."

చూశాను. మా అమ్మమ్మ భోషాణం మూత తీసినట్టు అనిపించింది. పాత చెక్క, దాని వెనక ఎండుగడ్డి, కాస్త తోలు. అమ్మోనియా ఛాయ కూడా లేదు. ఆ చెక్క వాసన పెట్టెదే. ఇంగ్లీషువాళ్ళు సెడార్ అంటారు కాబట్టి నేను దేవదారు అనుకున్నాను. కాదట. అది సెడ్రెలా అనే చెట్టు, మహాగనికి చుట్టం, మన వేపకు కూడా. పదహారేళ్ళు వేప చుట్టపు చెక్కలో పడుకున్న పొగాకు. పురుగు పట్టకపోవడానికి ఆ చుట్టరికం కూడా కారణమేమో అని నేనంటే, డాక్టరు గారు "ఆ నమ్మకంతోనే చాలామంది పెట్టెలకు పెట్టెలు పోగొట్టుకున్నారు" అని కొట్టిపారేశారు. పురుగును ఆపేది చల్లదనం. అందుకే ఇప్పుడు క్యూబాలో ఎగుమతికి ముందే సిగార్లను గడ్డకట్టే చలిలో ఉంచి తీస్తారు.

తల దగ్గర గుండ్రంగా అతికించిన చిన్న ఆకు ముక్కను టోపీ అంటారు. దాన్ని పూర్తిగా కోసేస్తే పై ఆకు విడిపోతుంది. నేను ఉత్సాహంగా కత్తెర కిందికి దించబోతే ఆయన నా మణికట్టు పట్టుకుని పైకి జరిపారు. రెండు మిల్లీమీటర్లు చాలు. కోశాక వెలిగించకుండానే ఒకసారి లాగి చూడాలి. గాలి సులువుగా వచ్చింది. నాలుక మీద ఎండుద్రాక్ష లాంటి తీపి, పెదవులకు రవ్వంత ఉప్పు. గాలి సరిగ్గా రావడం కూడా అదృష్టమే. 1990ల చివర్లో క్యూబా ఉత్పత్తిని హడావుడిగా పెంచినప్పుడు ఎంత లాగినా పొగ రాని సిగార్లు బోలెడు వచ్చాయి. ఆ తరువాతే ఫ్యాక్టరీల్లో గాలి లాగి పరీక్షించే యంత్రాలు పెట్టారు.

అగ్గిపుల్ల గీసి గంధకం వాసన పోయేదాకా ఆగాలి. అప్పుడు దాని మంటతో, పెట్టెలో వరుసల మధ్య ఉండే పల్చటి చెక్క రేకును వెలిగించాలి. ఆ రేకు మంటను సిగారు చివరకు తగలనివ్వకుండా, అరంగుళం దూరంలో తిప్పుతూ అప్పడం కాల్చినట్టు కాల్చాలి. అంచు చుట్టూ నల్లబడి ఎర్రబడ్డాకే నోట్లో పెట్టుకోవాలి. నాది ఒక పక్క ఎర్రబడి ఇంకో పక్క నల్లగానే ఉండిపోయింది. డాక్టరు గారు తనది పక్కన పెట్టి, నాది తీసుకుని సరిచేశారు. పొగ గుండెల్లోకి తీసుకోకూడదు. నోట్లో నిలిపి, తిప్పి, వదిలేయాలి. "అంతమాత్రాన మంచిదని కాదు. నోరు, గొంతు దీని బాకీ ఎప్పుడైనా వసూలు చేసుకోవచ్చు. నాకు ఏడాదికి ఒకటి. నీకు జీవితానికి రెండు, ఈ రోజుతో అయిపోయాయి," అన్నారు. డాక్టరుతో కూర్చుంటే ఇదొకటి.

మొదటి దమ్ములో మంట కోసం సిద్ధపడి కళ్ళు చిట్లించాను. ఏమీ జరగలేదు. రెండోది, మూడోది. పొగ మెత్తగా, వెచ్చగా ఉంది. రుచి మాత్రం వేయించిన ధనియాలకూ ఎండుగడ్డికీ మధ్య ఎక్కడో తిరుగుతోంది. పది నిమిషాలు గడిచాయి. లోపల నిరాశ మొదలైంది. పదహారేళ్ళు దాచిన వస్తువు, చేయించుకున్న ఇంత మర్యాద, చివరికి ఖరీదైన గడ్డివాము. మొహమాటానికి "బాగుందండీ" అన్నాను.

"బాగోలేదు," అన్నారు ఆయన. "నువ్వు తొందరపడుతున్నావు. నిమిషానికి మూడుసార్లు లాగుతున్నావు. నిప్పు వేడెక్కితే దేనికైనా ఒకటే రుచి, మసి రుచి. పక్కన పెట్టు."

పెట్టాను. రెండు నిమిషాలు దాన్నే చూస్తూ కూర్చున్నాను. నుసి అంగుళం దాకా పెరిగి, బూడిద రంగులో పొరలు పొరలుగా గట్టిగా నిలిచింది. ఆ విరామంలో ఆయన క్యూబా గురించి చెప్పారు.

2007 ఫిబ్రవరిలో వెళ్ళారట. హవానాలో కాపిటోలియో భవనం వెనక పాత పార్తగాస్ ఫ్యాక్టరీ అప్పటికి ఇంకా నడుస్తోంది. 1845లో మొదలైన పేరు అది. లోపల బడి బల్లల్లా వరుసలు. ప్రతి బల్ల దగ్గరా ఒక మనిషి, చేతిలో పిడి లేని అర్ధచంద్రాకారపు కత్తి. ఎదురుగా ఎత్తయిన అరుగు మీద ఒకరు మైకులో చదువుతూ ఉంటారు. పొద్దున వార్తాపత్రిక, ఆ తరువాత నవల. 1860లలో మొదలైన అలవాటు, ఇప్పటికీ పోలేదు. "మా ఊళ్ళో పురాణ కాలక్షేపం లాగే ఉంది. వినేవాళ్ళు తలెత్తరు, కానీ నచ్చిన చోట కత్తితో బల్ల మీద టకటకా కొడతారు," అన్నారు. కేరళలో కన్నూరు బీడీ కార్మికులు కూడా తమలో ఒకరిని పత్రిక చదవడానికి పెట్టుకునేవారని నేను ఎక్కడో చదివిన సంగతి చెప్పాను. ఆయనకది కొత్త. చాలాసేపు తల ఊపుతూ ఉన్నారు.

హవానాకు పడమట పినార్ దెల్ రియో. ఎర్ర నేలలు. పై ఆకు కోసం పెంచే పొగాకు చేల మీద పల్చటి బట్ట పందిరి వేసి ఎండను వడగడతారు. లోపల వేసే ఆకును నేరుగా ఎండలోనే పెంచుతారు. కోసిన ఆకును తాటి జాతి ఆకులు కప్పిన పొడవాటి పాకల్లో కర్రలకు గుచ్చి వేలాడదీస్తారు. ఆ పాక గుమ్మంలో నిలబడగానే ఆయన కాళ్ళు ఆగిపోయాయట. గోదావరి లంకల్లో వరద తీసిన ఒండ్రు మీద పండే పొగాకు, దాన్ని వేలాడదీసిన పందిళ్ళు, కుప్పలుగా పేర్చి మాగబెట్టడం, ఆడవాళ్ళు బారులుగా కూర్చుని ఈనె తీయడం. అన్నీ అక్కడ ఉన్నాయి. మాగబెట్టే కుప్పలు కూడా ఉన్నాయి, లోపల చెయ్యి పెడితే కాలేంత వేడితో. "వాళ్ళ భాష ఒక్క ముక్క రాదు. కానీ ఆ ముసలాయన ఆకు పట్టుకుని వేళ్ళతో రుద్ది, వాసన చూసి, పక్కన పడేసిన తీరు చూశాక, ఆయన మా చిన్నాన్న కాదని నాకు నేను చెప్పుకోవాల్సి వచ్చింది."

సిగారులో ఉండే ఆకులు కూడా అప్పుడే విప్పి చెప్పారు. మొక్క కింది ఆకుకు బలం ఉండదు, బాగా మండుతుంది. మధ్య ఆకు వాసన ఇస్తుంది. తల దగ్గర, ఎండకు ఎక్కువగా తగిలిన ఆకు మందంగా, నూనెగా, ఘాటుగా ఉంటుంది. దాన్ని లిహేరో అంటారు. అది నెమ్మదిగా మండుతుంది కాబట్టి సరిగ్గా నడుమ పెడతారు. మాగడానికి అన్నిటికన్నా ఎక్కువ కాలం తీసుకునేదీ అదే. నాకు నాలుగేళ్ళ క్రితం పెళ్ళిలో నేల కదిలించింది ఈ లిహేరోయే.

మళ్ళీ అందుకున్నాను. ఈసారి నిమిషానికి ఒక్కటి. అప్పుడు తెలిసింది తేడా. కాఫీ. కాచిన కాఫీ కాదు, పెనం మీద గింజలు వేగుతున్నప్పుడు వీధి మొదటికి వచ్చే వాసన. దాని అడుగున కోకో, తీపి లేని చేదు కోకో. ఆ రెండూ విడివిడిగా రాలేదు. ఒకటి పోతుంటే ఒకటి వస్తోంది. ఒకే దమ్ములో పదిహేను రుచులు లెక్కపెట్టి చెప్పేవాళ్ళు ఉన్నారు. వాళ్ళను నేను నమ్మను. నాకు ఎప్పుడూ రెండుకు మించి అందలేదు, ఆ రెండింటిలో ఒకటి ఎప్పుడూ జారిపోతూనే ఉంది.

సగానికి దగ్గరపడుతుండగా ఆయన ఇంకో విద్య నేర్పారు. నోట్లో ఉన్న పొగలో చాలా వరకు వదిలేసి, చివరి కొద్దిగా ముక్కుతో వదలాలి. భయపడుతూనే చేశాను. మిరియం అక్కడ ఉంది! పదహారేళ్ళలో ఎక్కడికీ పోలేదు. నాలుక మీద నుంచి లేచి వెళ్ళి ముక్కు వెనక కూర్చుంది. మంట కాదు, చారులో పడిన మిరియం లాంటి వెచ్చదనం. దాని వెంట జాజికాయ. నాకు పెళ్ళినాటి సిగారుకూ దీనికీ ఉన్న తేడా ఆ క్షణాన స్పష్టంగా అర్థమైంది. ఇందులో కొత్తగా చేరిందంటూ ఏదీ లేదేమో. అరిచే రుచులు ఒక్కొక్కటే తగ్గి, వాటి కింద మొదటి నుంచీ ఉన్నవి వినిపిస్తున్నాయి. కొత్త ఆవకాయలో ఆవ ఘాటు తగ్గాకే మామిడి ముక్క రుచి తెలిసినట్టు. మూత మీది 2012 నాటి "ఏమీ లేదు" కూడా అప్పుడు అర్థమైంది. ఘాటు తగ్గింది, లోపలిది ఇంకా లేవలేదు. ఆ మధ్య ఏళ్ళలో చాలామంది విసిగి పెట్టెలు అమ్మేస్తారట. డాక్టరు గారు కూడా 2013లో అమ్మబోయి, కొనేవాడు సగం ధరే చెప్పాడని కోపంతో వెనక్కి తెచ్చుకున్నారు. ఓర్పు అనుకున్నాను, అసలు సంగతి అభిమానం.

సరిగ్గా సగం దగ్గర ఇంకో రుచి మొదలైంది. ఆయన 2019లో "ఇంకేదో" అని రాసింది దీన్నే అయి ఉండాలి. తీపిగా ఉంది, కానీ పంచదార తీపి కాదు. కాస్త మట్టి, కాస్త పొగ, చివర్లో పీచు లాంటి వగరు. నాకు బాగా తెలిసిన రుచి, కానీ పేరు రావడం లేదు. నాలుక చివర ఉన్న మాట అంటారే, అక్షరాలా అదే పరిస్థితి. డాక్టరు గారు తోలు అన్నారు. కాదన్నాను. అంజీర అన్నారు. అదీ కాదు. ఇంగ్లీషు సిగార్ల పుస్తకాల్లోని మాటలన్నీ వరసగా చెబుతూ పోయారు, కస్తూరి, ట్రఫుల్, మరేదో అడవి నేల. నేను ఎప్పుడూ తినని వాటి పేర్లు చెబితే నా నాలుకకు ఏం గుర్తొస్తుంది?

మధ్యలో ఆంటీ వచ్చి రెండు గ్లాసుల మజ్జిగ పెట్టి, మా ఇద్దరి మొహాలూ చూసి, "పరీక్ష హాల్లో కూర్చున్నట్టున్నారు" అని వెళ్ళిపోయారు. మజ్జిగ తప్పని తరువాత తెలిసింది. ఉప్పు, పులుపు రెండూ కలిసి నాలుక మీద ఉన్నదంతా కడిగేశాయి. అయిదు నిమిషాలు మళ్ళీ గడ్డివాము. మంచినీళ్ళే మేలు.

ఆ అయిదు నిమిషాల్లో డాక్టరు గారు కెన్నడీ కథ చెప్పారు. 1962 ఫిబ్రవరిలో క్యూబా సరకుల మీద నిషేధం విధించే ముందు రోజు సాయంత్రం అప్పటి అమెరికా అధ్యక్షుడు కెన్నడీ తన పత్రికా కార్యదర్శి పియర్ సాలింజర్‌ను పిలిచి, పొద్దుటికల్లా వెయ్యి పెటిట్ ఉప్‌మన్ సిగార్లు కావాలన్నారు. సాలింజర్ తెల్లారేసరికి పన్నెండు వందలు తెచ్చారు. అవి చేతికి అందాకే కెన్నడీ సంతకం పెట్టారు. ఈ కథ సాలింజర్ స్వయంగా చెప్పుకున్నదే. పన్నెండు వందలనూ ఎంతకాలం మాగబెట్టి కాల్చారో మాత్రం ఎవరూ అడిగినట్టు లేదు.

పేరు దొరికింది ఆ తరువాతే. గాలి కొంచెం తిరిగి, పక్కింటివాళ్ళు తోటలో ఎండుటాకులు కాలుస్తున్న పొగ మా వైపు వచ్చింది. ఆ పొగ, నోట్లో ఈ తీపి, రెండూ కలిశాయి. తేగ! సంక్రాంతి ముందు కుంపటి మీద కాల్చిన తేగ. నల్లబడిన పైపొర ఒలిచాక లోపల పిండి పిండిగా ఉండే ఆ తీపి, పళ్ళకు తగిలే పీచు, మట్టి వాసన, చివర్లో వగరు. కుర్చీలోంచి లేచినంత పని చేశాను.

"తేగ, డాక్టరు గారూ! కాల్చిన తేగ!"

ఆయన కళ్ళు మూసుకుని ఒక దమ్ము లాగారు. ఇంకొకటి లాగారు. కళ్ళు తెరవకుండానే తల అడ్డంగా ఊపారు. "కాదు. ఇది మాగాయ. డాబా మీద మూడో రోజు ఎండుతున్న మాగాయ బద్ద. పులుపు చూడు, ఆ వెనక."

"పులుపు ఎక్కడుందండీ?"

"నువ్వు మజ్జిగ తాగావు. నీకెలా తెలుస్తుంది?"

ఇరవై నిమిషాలు దీని మీదే వాదించుకున్నాం. నాది పదహారేళ్ళు మాగిన సిగారు, ఆయనదీ అదే పెట్టెలోది, పక్కపక్కన పడుకున్నది. చేతితో చుట్టినవి కాబట్టి ఏ రెండూ ఒకటి కావని ఆయనే అంతకు ముందు చెప్పారు. ఇప్పుడు ఆ మాట ఒప్పుకోవడం లేదు.

చివరి మూడోవంతులో అది మారిపోయింది. అప్పటిదాకా మెత్తగా మాట్లాడిన మనిషి గొంతు పెంచినట్టు లిహేరో ముందుకు వచ్చింది. చిక్కటి డికాక్షన్, మాడిన చెక్క, నాలుక అంచులకు లవంగం. బలం కూడా పెరిగింది. నుదుటి మీద పల్చగా చెమట పట్టింది. కాకపోతే ఈసారి కడుపు నిండా పప్పన్నం తిని కూర్చున్నాను కాబట్టి నేల కదలలేదు. డాక్టరు గారు పట్టీ దగ్గరికి రాకముందే తనది పళ్ళెంలో పెట్టేశారు. సిగారును నలిపి ఆర్పకూడదట, ఊరికే వదిలేస్తే అదే ఆరిపోతుంది. నలిపితే కంపు. నేను వదల్లేదు. పట్టీ ఒలిచి ఇంకా కాల్చాను. తేగ మళ్ళీ వస్తుందేమోనని ఆశ. రాలేదు. పొగ వేడెక్కింది, చేదు తిరిగింది, మూత మీది 2009 నాటి అమ్మోనియా చివర్లో ఒక్కసారి పలకరించింది. ఇంకో రెండు దమ్ములు లాగాక పెదవి చురుక్కుమంది.

డాక్టరు గారు ఏమీ అనలేదు. పెట్టెను మెల్లగా ఎత్తి, అడుగు నా వైపు తిప్పి, సిరా ముద్ర మీద వేలు పెట్టి చూపించారు.

మొత్తం గంటా ఇరవై నిమిషాలు పట్టింది. నోట్లో కాఫీ చేదు రాత్రి భోజనం దాకా ఉంది. చొక్కా రెండుసార్లు ఉతికినా వాసన పోలేదు, నా భార్య దాన్ని బాల్కనీలోకి పంపింది. ఇంత ధర పెట్టి, ఇన్నేళ్ళు దాచి కాల్చదగ్గ వస్తువేనా అని తను అడిగింది. ఆ ధర నేను పెట్టను. సగం దగ్గర వచ్చిన ఆ పావుగంట కోసం ఆయన ఎందుకు పెట్టారో మాత్రం ఇప్పుడు తెలుసు.

బయల్దేరే ముందు ఆయన పెన్సిలు నా చేతికి ఇచ్చారు. మూత మీద ఇంకొకరి చేతిరాత పడడం అదే మొదలు. చివరి వరుస కింద తేదీ వేసి, "తేగ" అని రాశాను. ఆయన కళ్ళజోడు పెట్టుకుని చదివి, పెన్సిలు తీసుకుని దాని పక్కనే "మాగాయ" అని రాసి మూత మూసేశారు. పెట్టెలో ఇంకా మూడు ఉన్నాయి.